గాలి లెక్క, గాలి కొలత: ఈసీయూ ట్యూనింగ్‌లో అపోహలు – వాస్తవాలు

ఇంజిన్‌లోకి ఎంత గాలి వెళ్తోందో ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి) రెండు దారుల్లో తెలుస్తుంది. ఎయిర్ ఫిల్టర్ దాటాక ఉండే మాఫ్ సెన్సర్‌లోని వేడి తీగను గాలి ఎంత చల్లబరుస్తోందో చూసి చెప్పేది కొలత. మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) ప్రెషర్, గాలి ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం, సిలిండర్ ఎంత నిండుతుందో చెప్పే వీఈ టేబుల్... వీటన్నిటితో కట్టేది లెక్క. చాలా కార్లలో ఒకటే ఉంటుంది. రెండూ ఉన్నవి వస్తే లాగ్ (బండి నడుస్తుండగా ఈసీయూ అంకెల రికార్డు) తీసి ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడందే నేను పని మొదలుపెట్టను.

అపోహ: కొలిచిందే నిజం, లెక్క ఉత్త అంచనా.

మాఫ్ తన మీదుగా పోయిన గాలినే కొలుస్తుంది. థ్రాటిల్ తర్వాత ఏ వాక్యూమ్ హోసో పగిలితే, అక్కడ దూరిన గాలి దానికి తెలియదు. ఐడ్లింగ్‌లో ఇంజిన్ తీసుకునే గాలే కొంచెం కాబట్టి చిన్న పగులు కూడా పెద్ద తేడా తెస్తుంది. అందుకే ఐడ్లింగ్‌లో కొలత బాగా తక్కువ చూపి, ఫుల్ థ్రాటిల్‌లో రెండూ కలిసిపోతే నేను ముందు హోసులు, క్లాంపులు చూస్తాను. టేబుల్ జోలికి వెళ్లను. టర్బో కారులో బూస్ట్ (టర్బో నొక్కి పంపే గాలి ఒత్తిడి) ఎక్కాక కొలత ఎక్కువైతే, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపుల దగ్గర గాలి బయటికి పోతోందేమో చూడాలి.

అపోహ: మిక్చర్ (గాలి, పెట్రోల్ పాళ్లు) సరిగ్గా ఉంటే గాలి అంకె ఎంతున్నా ఫర్వాలేదు.

ఇంజిన్లు పాడయ్యేది ఈ నమ్మకం వల్లే. గాలి అంకెతో ఈసీయూ పెట్రోల్ ఒక్కటే లెక్క వేయదు, స్పార్క్ ఎప్పుడు వేయాలో కూడా దాన్ని చూసే ఎంచుకుంటుంది. గాలి తక్కువని చెబితే లోడ్ (ఇంజిన్ మీద భారం) తక్కువ అనుకుని టైమింగ్ ముందుకు జరుపుతుంది, అంటే స్పార్క్ త్వరగా వేస్తుంది.

మా దగ్గరికి ఒక 1.8 లీటర్ల టర్బో కారు వచ్చింది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేర్‌లో నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలి టకటకమనడం). వైడ్‌బ్యాండ్ (ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ చూసి మిక్చర్ చెప్పే సెన్సర్) చూస్తే మిక్చర్ చక్కగా ఉంది. లాగ్‌లో 4000 ఆర్‌పీఎం దగ్గర, ప్రెషర్ 180 కిలోపాస్కల్స్, గాలి 45 డిగ్రీలు ఉన్నప్పుడు లెక్క సెకనుకు 112 గ్రాములు, కొలత 101. ముందు ట్యూన్ చేసినవాళ్లు కాస్త పెద్ద ఇంజెక్టర్లు (పెట్రోల్ చిమ్మేవి) వేసి, ఈసీయూలో ఇంజెక్టర్ సైజు మార్చకుండా మాఫ్ టేబుల్‌ని (సెన్సర్ సిగ్నల్‌ని గాలి అంకెగా మార్చే పట్టికని) పది శాతం తగ్గించేశారు. మిక్చర్ కుదిరింది, టైమింగ్ చెడింది. మాఫ్ టేబుల్ పాతదే పెట్టి, ఇంజెక్టర్ల అసలు సైజు ఎక్కించాను. టైమింగ్ వెనక్కి తగ్గింది, నాకింగ్ పోయింది. పిస్టన్లు దెబ్బతినకముందే తెచ్చినందుకు నాకు ఎంత ఊరటగా అనిపించిందో!

అపోహ: మాఫ్ తీగకి ఉన్నట్టు లెక్కకి మురికి, దుమ్ము బాధ లేదు, కాబట్టి అదే నమ్మకం.

దాని బాధ వేరు. మే నెల మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు ఆగితే గాలి ఉష్ణోగ్రత సెన్సర్ బానెట్ వేడికి తానే కాగిపోతుంది. లోపలికి వెళ్లే గాలి 40 డిగ్రీలుంటే అది 60 చూపిస్తుంది. అంతటితోనే లెక్కలో గాలి ఆరు శాతం తగ్గిపోతుంది. మాఫ్‌కి ఈ ఇబ్బంది పెద్దగా ఉండదు. వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్ మార్చినా పాత వీఈ టేబుల్‌కి ఆ సంగతి తెలియదు.

అపోహ: హైదరాబాద్‌లో చేసిన ట్యూన్ విశాఖలో పనికిరాదు.

హైదరాబాద్‌లో గాలి ఒత్తిడి దాదాపు 95 కిలోపాస్కల్స్, సముద్రం ఒడ్డున 101. ప్రెషర్ సెన్సర్, మాఫ్ రెండూ ఆ తేడాను పట్టుకుంటాయి. గాలి ఎక్కువ అందుతుంది కాబట్టి అక్కడ ఫుల్ థ్రాటిల్‌లో ఒకసారి నాకింగ్ చూసుకుంటే చాలు.

అపోహ: రెండు అంకెలు ప్రతి క్షణం కలవాలి.

యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే మాఫ్ దాటిన గాలి ముందు మానిఫోల్డ్‌ని నింపాలి. ఆ క్షణంలో కొలత ఎక్కువే చూపిస్తుంది, అది తప్పు కాదు. అందుకే పోల్చేటప్పుడు నాలుగో గేర్‌లో ఆర్‌పీఎం, థ్రాటిల్ రెండూ కదలకుండా కొన్ని సెకన్లు పట్టి ఉంచి, ఆ వరుసలే తీసుకుంటాను. మిగతా లాగ్ పక్కన పెట్టేస్తాను.