టాక్సీ డ్రైవర్ల మీద అపోహలు - తిరుపతి స్టాండు నుంచి కొన్ని వాస్తవాలు

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర పదిహేడేళ్లుగా కారు తిప్పుతున్నాను. లండన్‌లో, న్యూయార్క్‌లో ఉంటున్న మనవాళ్లు ఎక్కి, "అక్కడి టాక్సీవాళ్లూ ఇంతేనన్నా" అంటుంటారు. అదెలాగో వాళ్లనే అడిగి తెలుసుకున్నాను. పని ఒకటే, మా మీద పడే మాటలూ ఒకటే.

అపోహ: ఒకవైపు ప్రయాణానికి రానుపోను కిరాయి అడగడం మోసం.

అన్నిటికంటే ఎక్కువ గొడవ దీని మీదే. కాణిపాకం ఇక్కడికి సుమారు 70 కిలోమీటర్లు. మిమ్మల్ని గుడి దగ్గర దింపాక అక్కడి స్టాండులో నేను బండి పెట్టలేను. అక్కడివాళ్లకు వాళ్ల సీరియల్, అంటే బండ్ల వరస, ఉంటుంది, వాళ్ల పొట్ట కొట్టకూడదు. ఖాళీగా రావాల్సిందే. డీజిల్‌కు బండి ఖాళీదా, నిండుదా అన్న లెక్క లేదు కదా. న్యూయార్క్ పసుపు టాక్సీ పక్కనున్న వెస్ట్‌చెస్టర్‌కు వెళ్తే, నగరం పొలిమేర దాటిన దగ్గర్నుంచి మీటరు మీద రెట్టింపు. అక్కడ రోడ్డు మీద చెయ్యెత్తినవాళ్లను ఎక్కించుకునే పర్మిట్ అతనికి లేదు మరి. ఎక్కువ గుంజేవాళ్లు లేరని నేననను. అందుకే బండి కదలకముందే బాటా (డ్రైవర్ రోజు ఖర్చు), టోల్, పార్కింగ్ ఎవరివో తేల్చుకోండి.

అపోహ: ఫోన్‌లో మ్యాప్ ఉంటే చాలు, దారి తెలియక్కర్లేదు.

లండన్ నల్ల టాక్సీకి లైసెన్సు కావాలంటే నగరం నడిబొడ్డున ఉన్న చేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్లలోని దాదాపు 25,000 వీధులు కంఠతా రావాలి. చాలామందికి మూడు నాలుగేళ్లు పడుతుంది. 2000లో అక్కడి శాస్త్రవేత్తలు ఈ డ్రైవర్ల మెదళ్లను స్కాన్ చేస్తే, దారులు గుర్తుపెట్టుకునే భాగంలో వెనకవైపు మామూలువాళ్లకన్నా పెద్దదిగా కనిపించింది. మాకు అలాంటి పరీక్ష లేదు. కానీ బ్రహ్మోత్సవాల్లో ఏ పూట ఏ రోడ్డు మూస్తారో, లీలామహల్ సర్కిల్ దగ్గర ఎప్పుడు ఇరుక్కుంటామో తిరిగినవాడికే తెలుస్తుంది.

అపోహ: డ్రైవర్లు ఎప్పుడు చూసినా సీటు వాల్చి పడుకునే ఉంటారు.

మీ దర్శనం రాత్రి రెండింటికి అవుతుంది. ఆ తర్వాత ఘాట్ రోడ్డు దిగాలి. దిగేటప్పుడు కాలు బ్రేకు మీదే పెట్టి ఉంచితే ప్యాడ్లు కాలిన వాసన వస్తుంది, పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతుంది. నేను కొత్తలో ఆ తప్పు చేశాను. బండిలో ఇద్దరు పిల్లలున్నారు. మూడో గేరు నుంచి రెండుకు దించితే ఇంజిన్ పట్టి ఆపింది. పక్కకు తీసి, చక్రాలు చల్లారేదాకా అరగంట నిలబడ్డాం. అప్పటినుంచి రెండో గేరులోనే దిగుతాను. ఆ పనికి కళ్లు తెరుచుకుని ఉండాలి. అందుకే మీరు క్యూలో ఉన్నంతసేపూ నేను పడుకుంటాను. బయటికొచ్చాక కిటికీ మీద రెండు దెబ్బలు కొట్టి, మొహం కడుక్కునే టైమివ్వండి స్వామీ.