మనది కాని యుద్ధమా? పదో తరగతిలో ప్రపంచ యుద్ధాల పాఠం: అపోహలు – వాస్తవాలు

పదో తరగతికి సోషల్ చెప్పడం కొత్తగా మొదలుపెట్టిన టీచర్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ప్రపంచ యుద్ధాల్లో భారత్ పాత్ర ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది కదా?" పిల్లలు అడిగేది ఇంకోటి: "సార్, అది తెల్లోళ్ల కొట్లాట. మనకెందుకు?" కర్నూలు టౌన్ స్కూలైనా, అనంతపురం జిల్లాలో మారుమూల హైస్కూలైనా ఈ మాట మారదు. రెండు ప్రశ్నల అడుగునా ఉన్నది ఒకే అపోహ. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేదీ అదే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: అది మన యుద్ధం కాదు

ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇది పోదు. యుద్ధం చేయాలన్న నిర్ణయం మనది కాదు. వెళ్లిన మనుషులు మనవాళ్లు, కట్టిన పన్ను మనది, పస్తులున్న కడుపులు మనవి. "భారతదేశం యుద్ధంలో పాల్గొంది" అన్న ఒక్క వాక్యంలో ఇవన్నీ కలిసిపోతాయి. వాటిని విడదీయడమే ఈ పాఠంలో అసలు పని.

బోర్డు మీద నాలుగు గళ్లు గీయండి. ఎవరు నిర్ణయించారు? ఎవరు వెళ్లారు? ఎవరు కట్టారు? ఎవరికి ఏం దక్కింది? మొదటి యుద్ధానికి ఒక వరస, రెండో దానికి ఒక వరస. రెండు యుద్ధాలకూ ఒకటే వరస పెడితే పిల్లలు 1914నీ 1939నీ కలిపేస్తారు.

మొదటి వరస. 1914 ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది, దాంతోపాటే భారత్ కూడా యుద్ధంలో ఉన్నట్టు లెక్క. ఇక్కడ ఎవరినీ అడగలేదు. సుమారు 13 లక్షల మందిని భర్తీ చేశారు. ఇందులో తుపాకీ పట్టినవాళ్లతో పాటు కంచర గాడిదలు తోలినవాళ్లు, గాయపడినవాళ్లను మోసినవాళ్లు, కూలి దళాలవాళ్లు కూడా ఉన్నారు. 10 లక్షలకు పైగా సముద్రాలు దాటి వెళ్లారు, దాదాపు 74 వేల మంది చనిపోయారు. 1917లో భారత ఖజానా నుంచి బ్రిటన్‌కు "కానుక"గా 10 కోట్ల పౌండ్లు ఇచ్చారు. అప్పటి మారకం ప్రకారం పౌండుకు 15 రూపాయలు, అంటే 150 కోట్ల రూపాయలు. ఈ గుణకారం మీరు చేయకండి, పిల్లల చేత చేయించండి. ఆ సున్నాలు వాళ్లు స్వయంగా రాసుకున్నప్పుడే మూడో గడి బరువు తెలుస్తుంది.

ఇక్కడ తప్పు జరిగే చోటు ఒకటుంది. ఆంగ్ల పుస్తకాల్లో లెక్కలు మిలియన్లలో ఉంటాయి. 1.3 మిలియన్లను పిల్లలు 1.3 కోట్లు అని రాసేస్తారు. మిలియన్ అంటే 10 లక్షలని ముందే బోర్డు మూల రాసిపెట్టండి, పీరియడ్ అయ్యేదాకా చెరపకండి.

నాలుగో గడి దగ్గరే పాఠం తెరుచుకుంటుంది. 1913, 1918 మధ్య ధరలు రెట్టింపయ్యాయని పుస్తకంలోనే ఉంది. ఆ వాక్యాన్ని చదివి వదిలేస్తే ఎవరికీ ఏమీ కాదు. ఇంట్లో వారానికి కొనే పది సరుకులు, జొన్నలో బియ్యమో, నూనె, ఉప్పు, కందిపప్పు, బట్ట, రాసుకుని రమ్మనండి. ధరలన్నీ రెట్టింపు చేయించండి. కూలి మాత్రం అంతే ఉంచమనండి. ఏ సరుకు కొట్టేస్తారో వాళ్లనే తేల్చుకోనివ్వండి. కొందరు కూలిని కూడా రెట్టింపు చేసేసి "సరిపోయింది సార్" అంటారు, అది ఒప్పుకోవద్దు. ఈ ధరలు లెక్క కోసమే తప్ప 1918 నాటివి కావని కూడా చెప్పండి, లేకుంటే అవే పరీక్షలో రాస్తారు.

ఇప్పుడు తర్వాతి పాఠాలు వాటంతట అవే వస్తాయి. 1915లో, విచారణ లేకుండానే మనుషులను నిర్బంధించే అధికారాలిచ్చిన భారత రక్షణ చట్టం తెచ్చారు. అది యుద్ధకాలానికి, ఆపైన ఆరు నెలలకు మాత్రమే. యుద్ధం ముగిసినా ఆ అధికారాలు చేతిలో ఉంచుకోవడానికి తెచ్చిందే 1919 నాటి రౌలట్ చట్టం. టర్కీ ఓడింది, ముస్లింల మతపెద్ద ఖలీఫా, అంటే టర్కీ సుల్తాను, గతి ఏమిటన్న ఆందోళన పుట్టింది, అదే ఖిలాఫత్. ధరలు, పన్నులు, పల్లెల్లో బలవంతపు భర్తీ, 1918–19లో పంట నష్టం, ఆపైన ఇన్‌ఫ్లూయెంజా. ఇవన్నీ మోసి అలసిన జనమే సహాయ నిరాకరణలోకి వచ్చారు. యుద్ధం పాఠాన్ని ఒక పీరియడ్‌లో ఎగరగొట్టిన క్లాసుకు రౌలట్ చట్టం ఆకాశం నుంచి ఊడిపడినట్టు ఉంటుంది. గాంధీ ఎందుకు అంత త్వరగా దేశమంతటికీ నాయకుడయ్యారో అర్థం కాదు. కంఠస్థం ఒక్కటే మిగులుతుంది. ఇక్కడ మిగుల్చుకున్న రెండు పీరియడ్లు తర్వాత ఆరు పీరియడ్లు తినేస్తాయి.

(ఒక చిన్న సవరణ. యుద్ధంలో ఆదాయపు పన్ను "ప్రవేశపెట్టారు" అన్న పుస్తకంలోని మాటను యథాతథంగా చెప్పవద్దు. ఆ పన్ను మన దేశంలో 1860లోనే మొదలైంది. యుద్ధకాలంలో పెంచారు, 1917లో పెద్ద ఆదాయాల మీద సూపర్ ట్యాక్స్ వేశారు.)

రెండో వరస. 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఏ భారతీయ నాయకుడినీ సంప్రదించకుండా ప్రకటన చేశారు. నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి కనుక ఆ రాజీనామాల్లో రాజాజీ మంత్రివర్గం, అంటే మన ప్రభుత్వమే, ఉంది. సైన్యం 2 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది. 87 వేల మందికి పైగా చనిపోయారు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది, బర్మా బియ్యం ఆగింది. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1943లో బెంగాల్ కరువు 20 నుంచి 30 లక్షల ప్రాణాలు తీసింది. యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ భారత్‌కు దాదాపు 130 కోట్ల పౌండ్లు బాకీ పడింది. "అయితే మనకు లాభమే కదా" అని ఎవరో ఒకరు అంటారు. ఆ బాకీ లండన్‌లో పద్దుగా ఉండిపోయింది. దాని బదులు సరుకు, ధాన్యం ఇక్కడి నుంచి అప్పటికే పోయింది. ఈ తేడా చెప్పకుండా గంట కొట్టనివ్వకండి.

అపోహ: బ్రిటిష్ సైన్యంలో చేరినవాళ్లు ద్రోహులు, ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్లే దేశభక్తులు

ఇది క్లాసులో ఒక పిల్లవాడిని మౌనంగా గాయపరుస్తుంది. ఇంట్లో ముత్తాత పతకం ఉన్నవాడు ఆ రోజు నుంచి దాని మాట ఎత్తడు. వాడికి ధైర్యం చెప్పడానికి వాస్తవాలే చాలు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయినప్పుడు పట్టుబడ్డ భారత సైనికుల నుంచే, తర్వాత జపాన్ పక్షాన బ్రిటన్‌తో పోరాడిన ఈ ఫౌజ్ పుట్టింది. 1945 నవంబరులో ఎర్రకోటలో విచారణకు నిలబడ్డ షానవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబఖ్ష్ సింగ్ ధిల్లాన్ ముగ్గురూ అంతకు ముందు బ్రిటిష్ భారత సైన్యంలో అధికారులు. 1944లో ఇంఫాల్ వైపు రెండు పక్షాల్లోనూ భారతీయులున్నారు. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో తిరగబడ్డది బ్రిటన్ కొలువులో ఉన్న నావికులే. కొందరు జీతం కోసం, కొందరు వంశాచారంగా, కొందరు ఫాసిజం మీద కోపంతో చేరారు. ఏది ఎందుకో అడగడం పాఠం. తీర్పు చెప్పించడం పాఠం కాదు.

త్వరగా తేలిపోయేవి

యుద్ధంలో సాయం చేస్తే స్వాతంత్ర్యం ఇస్తామని బ్రిటన్ 1914లో మాట ఇవ్వలేదు. 1917 ఆగస్టు 20న బ్రిటన్‌లో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు చేసిన ప్రకటన అన్నది "బాధ్యతాయుత ప్రభుత్వం, క్రమక్రమంగా" అని మాత్రమే.

గాంధీ ప్రతి యుద్ధాన్నీ మొదటి నుంచీ వ్యతిరేకించారనడం తప్పు. 1918లో ఖేడా పల్లెల్లో సైన్యంలో చేరమని ఆయనే తిరిగారు.

ఇండియా గేట్ మీద స్వాతంత్ర్య సమరయోధుల పేర్లు మతాలవారీగా ఉన్నాయని వాట్సాప్‌లో తిరిగే లెక్క అబద్ధం. ఆ కట్టడాన్ని ఆవిష్కరించింది 1931లో, బ్రిటిష్ వైస్రాయ్. అక్కడున్నవి మొదటి ప్రపంచ యుద్ధం, 1919 అఫ్గాన్ యుద్ధాల్లో చనిపోయిన సైనికుల పేర్లు. ఇలాంటి ఫార్వర్డ్ ఏదైనా క్లాసులో చదివి వినిపించే ముందు కట్టిన సంవత్సరం ఒక్కటి చూసుకుంటే చాలు.

అపోహ: రాయలసీమకు ఈ యుద్ధాలతో సంబంధం లేదు

అప్పటి భర్తీలో పంజాబ్‌దే పెద్ద వాటా. కొన్ని జాతులే పోరుకు పనికొస్తాయనే "యుద్ధ జాతులు" అన్న సిద్ధాంతంతో మద్రాసు వైపు వాళ్లను పక్కన పెట్టేవాళ్లు. కాబట్టి ఊళ్లో సైనికుడి పేరు దొరకకపోతే ఊరికి సంబంధం లేదని కాదు. ధర, కిరోసిన్, బియ్యం, రేషను రూపంలో యుద్ధం ప్రతి ఇంటికీ వచ్చింది. పక్కనే, అప్పుడు మనతోపాటు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్న బళ్లారిలో, మొదటి యుద్ధంలో పట్టుబడ్డ టర్కీ ఖైదీలను ఉంచారు.

పిల్లలతో ప్రాజెక్టు చేయించేవాళ్లు యుద్ధాల్లో చనిపోయిన సైనికుల పేర్లుండే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో మన జిల్లాల వాళ్ల కోసం వెతకవచ్చు. కడపను అప్పటి "కడ్డపా" స్పెల్లింగుతో వెతకాలి, ఇంటిపేరును రెండు మూడు రకాలుగా కొట్టాలి. అక్కడ చనిపోయినవాళ్లే ఉంటారు. బతికి తిరిగొచ్చిన అబ్బ పేరు లేదని పిల్లలు దిగులుపడకుండా ముందే చెప్పండి.

తేదీల భయం

పరీక్ష తలచుకుని వణికే పిల్లలకు ఐదు తేదీలు చాలు: 1914 ఆగస్టు 4, 1917 ఆగస్టు 20, 1919 రౌలట్, 1939 సెప్టెంబరు 3, 1942 ఆగస్టు 8 (క్విట్ ఇండియా తీర్మానం). మిగిలినవి నాలుగు గళ్ల నుంచి అవే గుర్తొస్తాయి.

పటంలో ఒక్కో యుద్ధానికి ఆరు చోట్లు దాటవద్దు. మొదటిదానికి మార్సెయి, నవ్ షాపెల్, గల్లిపోలి, బస్రా, కుత్, హైఫా. రెండోదానికి ఎల్ అలమీన్, కసీనో, సింగపూర్, రంగూన్, ఇంఫాల్, కోహిమా. ముందు పెన్సిలుతో, సరిచూశాక పెన్నుతో. ఇంఫాల్, కోహిమాలను సగం మంది బర్మాలో పెడతారు, అవి మన మణిపుర్, నాగాలాండ్‌లలో ఉన్నాయి. బస్రా, కుత్ ఉన్న మెసపొటేమియా అంటే నేటి ఇరాక్ అని పటం కిందే రాయించండి, లేకుంటే ఈజిప్టులో చుక్క పడుతుంది.

ఎవరైనా ఇంటి నుంచి పాత పతకం తెస్తే చింతపండుతో తోమనివ్వకండి. మొదటి యుద్ధం నాటి బ్రిటిష్ వార్ మెడల్ అంచు మీద నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి, తోమితే అవే ముందు అరుగుతాయి. చాలావాటికి వెండి వాడారు, కూలి దళాలవాళ్లకు కంచువి కూడా ఇచ్చారు. పతకాన్ని పక్కకు తిప్పి, వెలుతురు ఏటవాలుగా పడేట్టు పట్టుకుని చదివించి, ఆ పిల్లవాడి చేతికే తిరిగి ఇవ్వండి.