ఎల్క్ ట్యాగ్‌కు ఆ ధర ఎలా వచ్చింది

వయోమింగ్ రాష్ట్రంలో ఉండే మనిషి ఎల్క్ వేటకు లైసెన్సు తీసుకుంటే 57 డాలర్లు కడతాడు. అదే కొండ మీద, అదే మందను వేటాడటానికి ఒహాయో నుంచి వచ్చినవాడు 692 డాలర్లు కట్టాలి. పోటీ కాస్త తక్కువగా ఉండే ‘స్పెషల్’ లాటరీలో పేరు వేసుకుంటే 1,950. ఈ స్పెషల్ ధర 2024లో పెరిగింది. అంతకుముందు 1,200 పైచిలుకు ఉండేది. డబ్బు సిద్ధంగా ఉన్నంత మాత్రాన సరిపోదు, లాటరీ కూడా తగలాలి.

ఎల్క్ అంటే మన కణుజుకి దూరపు చుట్టం, దానికంటే భారీ జంతువు. ట్యాగ్ అంటే వేటలో పడ్డ జంతువు కళేబరానికి కట్టే చీటీ. ఒక చీటీకి ఒక జంతువు. ఏ యూనిట్‌లో (అంటే ఏ వేట ప్రాంతంలో), ఏ తేదీల మధ్య, పోతునా ఆడదాన్నా కొట్టాలన్నది ఆ చీటీయే చెబుతుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఏటా దీని మీద తగువు నడుస్తూనే ఉంటుంది. మంద ఎంత ఉండాలో తేల్చేది ఈ చీటీయే, వన్యప్రాణి శాఖ జీతాలు నడిపేది ఈ చీటీయే, ఎవరికి ఎప్పుడు వంతు వస్తుందో చెప్పేదీ ఇదే. మూడు పనులూ ఒకే కాగితం మీద వేసి, ఒకదాన్ని సవరించబోతే మిగతా రెండూ కదలకుండా ఉంటాయనుకోవడం దగ్గరే చిక్కు మొదలైంది.

యూరోపియన్లు రాకముందు ఉత్తర అమెరికాలో ఎల్క్‌లు కోటి దాకా ఉండేవని అంచనా. 20వ శతాబ్దం మొదలయ్యేసరికి లక్ష కూడా మిగల్లేదు. తినడానికి వేటాడినవాళ్ల కంటే అమ్మడానికి వేటాడినవాళ్ల చేతిలోనే ఎక్కువ పోయాయి. రైలు మార్గాలు వచ్చాక మాంసం, తోళ్లు రోజుల్లో నగరాలకు చేరేవి. ఒక దశలో కేవలం పళ్ల కోసం చంపేవాళ్లు కూడా తయారయ్యారు. ఎల్క్ పై దవడలో ఏనుగు దంతంలాంటి రెండు పళ్లుంటాయి. ఒక సోదర సంఘం సభ్యులు వాటిని గడియారం గొలుసుకు వేలాడదీసుకోవడం ఫ్యాషన్ అయింది. రెండు పళ్లు పెరుక్కుని మూడు, నాలుగు క్వింటాళ్ల జంతువును మంచులో వదిలేసి పోయేవారు.

దీనికి అడ్డుకట్ట వేయాలన్న ఆలోచన వేటగాళ్లలోనే పుట్టింది. 1887లో, తర్వాత దేశాధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్, పత్రికా సంపాదకుడు జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ కలిసి బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ అనే వేటగాళ్ల సంఘం పెట్టారు. 1896లో గీర్ వర్సెస్ కనెక్టికట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, అడవి జంతువు ఆ రాష్ట్ర ప్రజలందరి ఉమ్మడి సొత్తు, కాబట్టి దాని మీద ఆంక్షలు పెట్టే అధికారం రాష్ట్రానిదే అంది. 1900లో లేసీ చట్టం వచ్చింది. ఒక రాష్ట్రంలో దొంగచాటుగా కొట్టిన జంతువును సరిహద్దు దాటించి అమ్మడం ఇక కేంద్ర నేరం. దాంతో మాంసం బజారు మూతపడుతూ వచ్చింది.

ఈ ‘రాష్ట్ర ప్రజల ఉమ్మడి సొత్తు’ అన్న మాట గుర్తుంచుకోండి. భూమి ఎవరిదైనా కావచ్చు, దాని మీద మేసే ఎల్క్ మాత్రం రాష్ట్రానిది. ఇప్పటి తగాదాల్లో సగం ఈ ఒక్క సూత్రం చుట్టూనే తిరుగుతాయి.

తర్వాత మందల్ని మళ్లీ పెంచే పని మొదలైంది. 1912లో వయోమింగ్‌లోని జాక్సన్ దగ్గర నేషనల్ ఎల్క్ రెఫ్యూజ్ ఏర్పడింది. చలికాలంలో ఆకలితో చచ్చే ఎల్క్‌లకు అక్కడ మేత వేసేవారు. ఎల్లోస్టోన్, జాక్సన్ ప్రాంతాల్లో పట్టుకున్న ఎల్క్‌లను రైలు పెట్టెల్లో ఎక్కించి ఇతర రాష్ట్రాలకు పంపారు. అలా 1912 నుంచి 1928 దాకా కొన్ని వందలు కొలరాడోకి చేరాయి. ఈరోజు ఏ అమెరికన్ రాష్ట్రంలోనూ లేనన్ని ఎల్క్‌లు కొలరాడోలో ఉన్నాయి, 2,80,000 దాకా.

కాపాడితే చాలు, అంతా సర్దుకుంటుందన్న నమ్మకాన్ని అరిజోనాలోని కైబాబ్ పీఠభూమి పోగొట్టింది. 1906లో రూజ్‌వెల్ట్ దాన్ని వేట నిషేధ ప్రాంతంగా ప్రకటించాడు. జింకల్ని కాపాడాలని కొండసింహాల్ని, నక్కల్లాంటి కొయోటీల్ని పనిగట్టుకుని చంపించారు. జింకలు విపరీతంగా పెరిగాయి. 1920ల మధ్యకు ఎన్నయ్యాయన్న దాని మీద అప్పుడే ఏకాభిప్రాయం లేదు. ముప్పై వేలన్నవారున్నారు, లక్ష అన్నవారూ ఉన్నారు. మేత మాత్రం అయిపోయింది. చెట్లకు జింక నోరు అందినంత ఎత్తు దాకా ఆకు మిగల్లేదు. చలికాలాల్లో వేలకొద్దీ చచ్చాయి.

1924 డిసెంబరులో ఒక రాంచ్ (పశువుల క్షేత్రం) యజమానికి ఒక ఉపాయం తోచింది. జింకల్ని గొర్రెల మందలా తోలుకెళ్లి, గ్రాండ్ కాన్యన్ లోయలోకి దింపి, నది ఈదించి అవతలి ఒడ్డుకు చేర్చడం! వందమందికి పైగా మనుషులు గంటలు వాయిస్తూ, కేకలు పెడుతూ బారులు తీరి నడిచారు. మంచు తుఫాను కమ్మింది. జింకలు మనుషుల మధ్య నుంచి వెనక్కి దూసుకుపోయాయి. ఒక్కటి కూడా నది దాటలేదు. కేంద్ర అటవీ శాఖ తుపాకులు కూడా పట్టించింది. మా రాష్ట్ర జింకల్ని మా అనుమతి లేకుండా చంపుతారా అని అరిజోనా అధికారులు ఆ షూటర్లలో కొందర్ని అరెస్టు చేశారు. 1928లో సుప్రీంకోర్టు, తన భూమి పాడవకుండా కాపాడుకోవడానికి కేంద్రం జింకల్ని చంపవచ్చని తీర్పు చెప్పింది.

ఇక డబ్బు. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల మీద అప్పటికే ఉన్న పన్నును నేరుగా రాష్ట్రాల వన్యప్రాణి పనులకు మళ్లించింది. రాష్ట్రం ఒక డాలరు పెడితే కేంద్రం మూడు ఇస్తుంది. రెండు షరతులున్నాయి. లైసెన్సుల మీద వచ్చే డబ్బును రోడ్లకో బడులకో మళ్లిస్తే ఈ నిధి రాదు. పైగా ఏ రాష్ట్రానికెంతన్నది సగం దాని విస్తీర్ణం మీద, సగం అక్కడ లైసెన్సున్న వేటగాళ్ల సంఖ్య మీద ఆధారపడుతుంది. మంచి చట్టమే. కనుమరుగవుతున్న ఎన్నో జాతులు దీని పుణ్యాన కోలుకున్నాయి. కానీ ఆ రోజు నుంచి వన్యప్రాణి శాఖకు మందను తగ్గించేదీ వేటగాడే, డబ్బు ఇచ్చేదీ వేటగాడే. ట్యాగులు తగ్గితే శాఖ ఆదాయమూ తగ్గుతుంది.

వేటగాడు లేని చోట ఏమవుతుందో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు చూపించింది. పార్కులో వేట నిషేధం. తోడేళ్లను 1920ల నాటికే తుడిచిపెట్టేశారు. ఎల్క్‌లు పెరిగి మేత తినేస్తుంటే 1961-62 చలికాలంలో రేంజర్లు 4,000కు పైగా ఎల్క్‌లను కాల్చి చంపారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. వేటగాళ్లకైతే మరీ మంట, ప్రభుత్వం జీతమిచ్చి చంపించే బదులు మేం డబ్బు కట్టి చంపేవాళ్లం కదా అని. 1967లో సెనేట్ విచారణ తర్వాత రేంజర్ల కాల్పులు ఆగాయి. 1995లో తోడేళ్లు తిరిగి వచ్చాయి. ఒకప్పుడు 19,000 దాకా ఉన్న ఉత్తర మంద 2013కల్లా 4,000 లోపుకు పడిపోయింది. తోడేలు, ఎలుగుబంటి, కరువు, పార్కు దాటి బయటికొచ్చిన ఎల్క్‌ల మీద వేట, ఇందులో దేని వాటా ఎంతన్నది ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

ధరల తగువు కోర్టుకెక్కింది మోంటానాలో. 1976లో అక్కడి స్థానికుడికి ఎల్క్ లైసెన్సు 9 డాలర్లు. బయటివాడు ఎల్క్ ఒక్కటే కావాలన్నా అన్నీ కలిపిన కాంబినేషన్ లైసెన్సు కొనాల్సిందే, అది 225. ఇరవై ఐదు రెట్లు. పైగా బయటివారికిచ్చే లైసెన్సులు 17,000కు మించకూడదన్న పరిమితి కూడా ఆ ఏడాదే వచ్చింది. ఒక గైడూ, కొందరు మిన్నెసోటా వేటగాళ్లూ కేసు వేశారు. 1978లో సుప్రీంకోర్టు 6-3తో మోంటానా పక్షం వహించింది. ఎల్క్ వేట సరదా, బతుకుతెరువు కాదు, కాబట్టి దేశ పౌరులందరికీ సమానంగా దక్కాల్సిన మౌలిక హక్కుల్లోకి అది రాదన్నది సారాంశం.

మరుసటి ఏడాదే ఇంకో కేసులో, అదీ చిన్న చేపల గురించి, అదే కోర్టు 1896 నాటి గీర్ తీర్పును పక్కన పెట్టేసింది. ఆ సందులోంచి మళ్లీ వ్యాజ్యం వచ్చింది. కొన్ని ట్యాగుల్లో బయటివారికి పది శాతమే అన్న అరిజోనా నిబంధన మీద 2002లో ఒక అప్పీలు కోర్టు అనుమానం వ్యక్తం చేసింది. కొమ్ములు, తోలు అమ్ముకునే వీలున్నప్పుడు అది రాష్ట్రాల మధ్య వాణిజ్యమే అవుతుందంది. పశ్చిమ రాష్ట్రాలకు టెన్షన్ పట్టుకుంది. 2005లో నెవాడా సెనేటర్ హ్యారీ రీడ్ చొరవతో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) చట్టం చేసి, స్థానికులకూ బయటివారికీ తేడా చూపే అధికారం రాష్ట్రాలదేనని తేల్చేసింది.

దానితో కోర్టు దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది బజారు. మోంటానా 2010లో ప్రజల ఓటింగు ద్వారా, అవుట్‌ఫిట్టర్ల దగ్గర (అంటే గైడ్లు, గుర్రాలు, గుడారాలు సమకూర్చే వ్యాపారుల దగ్గర) బుక్ చేసుకున్నవారికి గ్యారంటీగా దక్కే 5,500 లైసెన్సుల్ని రద్దు చేసింది. బయటివారి కాంబినేషన్ లైసెన్సు ధరను 628 నుంచి 897 డాలర్లకు పెంచింది. ఆ మరుసటి ఏడాది 17,000లో కొన్ని అమ్ముడు పోకుండా మిగిలిపోయాయి. ధరకు ఒక పైకప్పు ఉంటుందని రాష్ట్రానికి అప్పుడు తెలిసొచ్చింది. కొన్నేళ్లకు గిరాకీ తిరిగొచ్చింది. ఇప్పుడు అదే లైసెన్సు వెయ్యి దాటినా పోటీ పడి కొంటున్నారు. అసలు పైకప్పు లేని చోటూ ఒకటుంది. కొన్ని రాష్ట్రాలు ఏటా ఒకటో రెండో ట్యాగుల్ని వేలం వేసి ఆ డబ్బు సంరక్షణకు ఖర్చు పెడతాయి. 2013లో మోంటానా బిగ్‌హార్న్ గొర్రె (పెద్ద కొమ్ముల అడవి గొర్రె) ట్యాగ్ ఒకటి 4,80,000 డాలర్లు పలికింది.

సామాన్యుడికి వేలం లేదు, పాయింట్లున్నాయి. లాటరీలో తగలని ప్రతి ఏడాదీ ఒక పాయింటు జమ అవుతుంది, ఎక్కువ పాయింట్లున్నవాడు ముందుంటాడు. వినడానికి న్యాయంగానే ఉంది, రేషన్ షాపు వరుసలాగ. కానీ ఏటా ఇచ్చే ట్యాగులకంటే ఏటా వరుసలో చేరేవారు ఎక్కువైతే వరుస కదలదు, ఇంకా పొడుగవుతుంది. కొలరాడోలో పేరున్న కొన్ని యూనిట్లకు ఇరవై ఏళ్లకు పైగా పాయింట్లు పోగేయాలి. వయోమింగ్ బయటివారికి ఎల్క్ పాయింటును ఏటా 52 డాలర్లకు అమ్ముతుంది. వేటా లేదు, మాంసమూ లేదు, ఆశ మాత్రం అమ్ముతారు. 2022లో అదే రాష్ట్రం బిగ్‌హార్న్ గొర్రె, మూస్ (భారీ జింక జాతి) లాంటి అరుదైన జంతువుల ట్యాగుల్లో 90 శాతం స్థానికులకే అని చట్టం చేసింది. 1990ల మధ్య నుంచి వాటికోసం పాయింట్లు కొంటూ వచ్చిన బయటివారి వాటా ఒక్కసారిగా పడిపోయింది. వాళ్లకు అక్కడ ఓటు లేదు మరి. వయోమింగ్ శాఖకు లైసెన్సుల మీద వచ్చే డబ్బులో ఎక్కువ భాగం మాత్రం వాళ్లదే.

ఇంత హడావుడీ పోతుల ట్యాగుల కోసమే. మంద సంఖ్యతో వాటికి పెద్దగా పని లేదు. ఒక పోతు చాలా ఆడవాటికి సరిపోతుంది కాబట్టి పోతుల్ని కొట్టినా ఏటా పుట్టే పిల్లలు తగ్గవు. మంద తగ్గాలంటే ఆడవాటిని కొట్టాలి, ఆ ట్యాగులకు అంత వరుసా ఉండదు, అంత ధరా ఉండదు. విస్కాన్సిన్‌లో ఈ చిక్కు విప్పాలని, ముందు ఆడ జింకను కొడితేనే పోతును కొట్టే అర్హత అని 1990ల్లో రూలు పెట్టారు. జింకలు తగ్గాయి, వేటగాళ్లకు ఒళ్లు మండింది, 2011లో శాసనసభ ఆ రూలును ఎత్తేసింది.

మన దగ్గర కథ ఇంకో దారిలో నడిచింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతోనే దేశంలో వేట పూర్తిగా ఆగిపోయిందని చాలామంది అనుకుంటారు. మొదట వచ్చిన చట్టంలో ‘బిగ్ గేమ్’ లైసెన్సుకు చోటుంది. దుప్పి, కణుజు, నీల్‌గాయ్, అడవి పంది ఆ జాబితాలోనివే. లైసెన్సుల పద్ధతిని పూర్తిగా తీసేసింది 1991 సవరణ. ఇప్పుడు తెలంగాణలోనో ఆంధ్రాలోనో అడవి పందులు మొక్కజొన్న, వేరుశనగ చేలు తవ్వేస్తే, చట్టంలోని 11వ సెక్షన్ కింద అధికారుల అనుమతితోనే కాల్చాలి. డబ్బు కట్టి వేటకొచ్చేవాడు లేడు కాబట్టి ఆ రాబడి మీద బతికే శాఖా లేదు, నష్టం మాత్రం రైతు నెత్తినే పడుతుంది.

అక్కడా భూమి ఉన్నవాడి గోడు ఇలాంటిదే. మోంటానాలో ఎల్క్‌లు ఎన్నుండాలో రాష్ట్రం పెట్టుకున్న లక్ష్యం సుమారు 92,000. 2022 నాటి లెక్కలో అవి 1,40,000 దాకా ఉన్నాయి. లక్ష్యం దాటకుండా చూడాలని 2003లోనే చట్టం చేశారు. అయినా ఎందుకు తగ్గడం లేదంటే, వేట సీజన్ మొదలవగానే ఎల్క్‌లు ప్రభుత్వ భూమి వదిలి ప్రైవేటు రాంచుల్లోకి చేరతాయి. కొందరు యజమానులు పోతుల వేటకు వేల డాలర్లు తీసుకుంటారు, ఆడవాటిని కొట్టే సామాన్యుడికి గేటు తీయరు. ఎల్క్‌లు ఎక్కువై మా గడ్డి తినేస్తున్నాయని 2022లో భూయజమానుల సంఘం ఒకటి రాష్ట్రం మీద కేసు వేసింది. ముందు గేటు తీయండి అన్నది వేటగాళ్ల జవాబు. నాకైతే ఇద్దరి మాటలోనూ పస ఉందనిపిస్తుంది. గేటు తాళం ఒకరి చేతిలో, ట్యాగు ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు శాఖ ఎన్ని ఆడ ట్యాగులు అచ్చు వేసి ఏం లాభం?

మంద పడిపోయినప్పుడు లెక్క ఇంకో వైపు నుంచి తగులుతుంది. 2022-23 చలికాలం వయోమింగ్ నైరుతిలో మ్యూల్ డీర్ అనే జింకను, ఇర్రిలాంటి ప్రాంగ్‌హార్న్‌ను ఊచకోత కోసింది. రేడియో కాలర్లు కట్టిన పిల్లల్లో దాదాపు ఏదీ బతకలేదు. శాఖ వెంటనే ట్యాగులు కోసింది, సీజన్లు కుదించింది. జంతువుల మీద ఎక్కువ ఖర్చు పెట్టాల్సిన ఏడాదే వాటి మీద వచ్చే డబ్బూ తగ్గింది.

గేటు గొడవ మాత్రం 2021లో ఎల్క్ మౌంటెన్ దగ్గర ఒక మలుపు తిరిగింది. వయోమింగ్‌లో చాలా చోట్ల ప్రభుత్వ, ప్రైవేటు భూముల గళ్లు చదరంగం బల్లలా ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్లు రెండు ప్రభుత్వ గళ్లు కలిసే మూల దగ్గర నిచ్చెన వేసుకుని, ప్రైవేటు నేల మీద కాలు పెట్టకుండా అటు నుంచి ఇటు దాటారు. క్రిమినల్ కేసులో జ్యూరీ వాళ్లను వదిలేసింది. భూయజమాని సివిల్ కేసు వేశాడు. 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు (కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉండే కేంద్ర కోర్టు) వేటగాళ్ల వైపే తీర్పు చెప్పింది, అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ అప్పీలును వినడానికి నిరాకరించింది. ఆ తీర్పు వయోమింగ్, కొలరాడో సహా ఆరు రాష్ట్రాలకు వర్తిస్తుంది. లక్ష్యాన్ని అంతగా దాటిపోయిన మోంటానా తొమ్మిదో సర్క్యూట్‌లో ఉంది, అక్కడ వర్తించదు.