దూరప్రయాణ విమానాలు: అపోహలు - వాస్తవాలు

విమానం ఏ దారిన వెళ్లాలి, ఎంత ఇంధనం నింపాలి అని లెక్కలు వేసే ఫ్లైట్ డిస్పాచ్ పని నాది. ప్రయాణికుల నోట తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: విమానాల వేగం ఏటికేడు పెరుగుతోంది.
వాస్తవం: 1958లో అట్లాంటిక్ దాటిన బోయింగ్ 707కీ, ఇప్పటి 787కీ వేగంలో పెద్ద తేడా లేదు. రెండూ గంటకు 900 కిలోమీటర్ల దరిదాపుల్లోనే ఎగురుతాయి. ధ్వని వేగానికి చేరువయ్యేకొద్దీ గాలి నిరోధం విపరీతంగా పెరిగి, ఇంధనం తాగేస్తుంది. ధ్వనికి రెట్టింపు వేగంతో వెళ్లిన కాంకార్డ్ విమానంలో సుమారు వంద మందికే చోటు. 2003లో అదీ ఆగిపోయింది. నిజంగా తగ్గినవి మజిలీలు. 1947లో సిడ్నీ నుంచి లండన్‌కు ఆగుతూ ఆగుతూ నాలుగు రోజులు పట్టేది. 2018 నుంచి పెర్త్-లండన్ విమానం ఎక్కడా దిగకుండా 17 గంటల్లో చేరుతోంది.

అపోహ: సముద్రం మీద రెండు ఇంజిన్లు చాలవు, నాలుగు ఉంటేనే భద్రం.
వాస్తవం: ఈ భయం ఊరికే పుట్టలేదు. జెట్లకు ముందుతరం పిస్టన్ ఇంజిన్లు తరచూ మొరాయించే కాలంలో, 1953లో, అమెరికా ఒక నిబంధన పెట్టింది: రెండింజిన్ల విమానం, ఒకటి ఆగినా గంటలోపు ఏదో ఒక విమానాశ్రయానికి చేరేలా ఉండాలి. దాంతో మహాసముద్రాలు ఎక్కువగా మూడు, నాలుగింజిన్ల విమానాలకే మిగిలాయి. జెట్ ఇంజిన్లు నమ్మకం నిలబెట్టుకున్నాక, 1985 నుంచి ఆ గంట రెండు గంటలైంది, తర్వాత మూడైంది. ఎయిర్‌బస్ ఎ350కి 370 నిమిషాల దాకా అనుమతి ఉంది. అలాగని ఊరికే ఇవ్వరు. ఇంజిన్ల చరిత్ర, మెయింటెనెన్స్, మంటలార్పే వ్యవస్థ అన్నీ చూస్తారు. రూటు వేసేటప్పుడు దారి మళ్లితే దిగాల్సిన విమానాశ్రయాల్లో వాతావరణం మేమూ చూసుకోవాలి. పద్దెనిమిది గంటలు దాటే సింగపూర్-న్యూయార్క్ ప్రయాణం చేసేది రెండింజిన్ల విమానమే! ఇంజిన్లు తగ్గితే ఇంధనమూ, మెయింటెనెన్స్ ఖర్చూ తగ్గుతాయి. 747 లాంటి నాలుగింజిన్ల విమానాలు ప్రయాణికుల సర్వీసుల్లో అరుదైపోవడానికి ముఖ్య కారణం అదే.

అపోహ: లోపల అందరూ వదిలిన గాలే తిరుగుతుంది.
వాస్తవం: సుమారు సగం బయటి నుంచి వచ్చే తాజా గాలి, మిగతాది లోపలి గాలే అయినా, అతి సూక్ష్మ కణాలనూ పట్టే హెపా ఫిల్టర్ల గుండా వస్తుంది. రెండు మూడు నిమిషాలకోసారి క్యాబిన్ గాలి మొత్తం మారిపోతుంది. గొంతు ఎండిపోయేది వేరే కారణంతో: అంత ఎత్తులో గాలిలో తేమ దాదాపు ఉండదు.

అపోహ: పాత రోజుల్లోనే హాయిగా ఉండేది.
వాస్తవం: జెట్లు రాకముందు విమానాలు తక్కువ ఎత్తులో, మబ్బుల్లో కుదుపులు తింటూ వెళ్లేవి. పక్క సీట్లో సిగరెట్ పొగ అదనం. కాకపోతే, కాళ్లు చాపుకునే జాగా తగ్గిందన్న ఫిర్యాదును మాత్రం అపోహల్లో వేయలేను.