సంతకం లేని వాంగ్మూలం

సాక్షులు అడ్డం తిరిగారు, కేసు కొట్టేశారు. ఈ వార్త వెంటే ‘ఎంతకు అమ్ముడుపోయారో’ అన్న మాటా వస్తుంది. కేసు వీగిన ప్రతిసారీ అదే రచ్చ. బేరాలు, బెదిరింపులు లేవని కాదు. కానీ సాక్షి స్టేషన్లో ఒకటి చెప్పి కోర్టులో ఇంకొకటి చెప్పాడని నిలదీసే ముందు, స్టేషన్లో అతను చెప్పిందేమిటో తేలాలి కదా.

తేలదు. ఆ వాంగ్మూలం మీద అతని సంతకం ఉండదు, తీసుకోకూడదు కూడా. పాత నేర విచారణ స్మృతిలో అది 162వ సెక్షన్. దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 181. నంబరే మారింది. పోలీసు చేతిలోని కాగితాన్ని చట్టం మొదట్నుంచీ నమ్మలేదు. అందుకే దాన్ని నేరుగా సాక్ష్యంగా వాడనివ్వదు, సాక్షి మాట మారిస్తే ఆ తేడా చూపడానికే వాడనిస్తుంది. ముద్దాయికిది రక్ష. సాక్షికి మాత్రం ఉచ్చు.

ఎందుకంటే ఆ కాగితంలోని మాటలు అతనివి కావు, రాసిన పోలీసువి. నలుగురి 161 స్టేట్‌మెంట్లు (పాత స్మృతి 161వ సెక్షన్ కింద పోలీసులు రాసుకున్న వాంగ్మూలాలు) పక్కపక్కన పెట్టి చదివితే కామాలతో సహా కలిసే సందర్భాలు క్రిమినల్ లాయర్లకు కొత్త కాదు. ఏళ్లు గడిచాక సమన్లందుకుని, వాయిదాల చుట్టూ తిరిగి, చివరికి బోనెక్కి ‘నేనలా చెప్పలేదండీ’ అన్నాడా, ప్రాసిక్యూటరు కోర్టు అనుమతి తీసుకుని తన సాక్షినే ఎదుటి పక్షం సాక్షిలా ప్రశ్నలతో నిలదీస్తారు. రికార్డులో ‘హోస్టైల్’, అంటే అడ్డం తిరిగిన సాక్షి అని పడుతుంది. అలా పడినంత మాత్రాన సాక్ష్యమంతా చెత్తబుట్టలోకి పోదు, నమ్మదగ్గ భాగం తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది. ముద్దాయి అయితే నోరు విప్పకపోయినా తప్పు లేదు. ప్రమాణం చేసిన సాక్షి అబద్ధమాడితే ఏడేళ్ల దాకా జైలు.

సంతకం లేకే మాట మార్చడం తేలికైందంటారు పోలీసులు. 2003లో నేర న్యాయవ్యవస్థ సంస్కరణలపై వేసిన మళీమఠ్ కమిటీ కూడా సంతకం తీసుకోమనే చెప్పింది. అది జరగలేదు. 2009 చివర్లో ఆడియో, వీడియో రికార్డింగు వచ్చినా, ‘చేయవచ్చు’ అన్న దగ్గరే ఆగింది.

ఆ 2003, 2009ల మధ్యే 2002 గుజరాత్ అల్లర్ల నాటి బెస్ట్ బేకరీ హత్యల కేసు నడిచింది. సాక్షులు వరసగా మాట మార్చడంతో 2003లో 21 మంది ముద్దాయిలనూ వదిలేశారు. 2004లో సుప్రీంకోర్టు విచారణను మహారాష్ట్రకు మార్చింది. భయంతోనే మాట మార్చానన్న ప్రధాన సాక్షి తర్వాత మళ్లీ మార్చారు. 2006లో కోర్టు ధిక్కారం కింద ఆమెకే ఏడాది జైలు పడింది.

కొత్త సంహిత 183వ సెక్షన్‌తో ఒక దారి తెరిచింది. పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో పోలీసులు తీసుకొచ్చిన సాక్షి వాంగ్మూలాన్ని మేజిస్ట్రేటు నమోదు చేసి తీరాలి. ఎవరిని తీసుకెళ్లాలో మాత్రం పోలీసుల ఇష్టం.

ఇక రక్షణ. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ప్రకారం ప్రాణభయం ఉన్న సాక్షి జిల్లా జడ్జి నేతృత్వంలోని కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రమాదం ఎంతుందో అంచనా వేసి నివేదిక ఇవ్వాల్సింది పోలీసులే. అసలిలాంటి పథకం ఒకటుందని సాక్షికి చెప్పే బాధ్యత కోర్టుతో పాటు దర్యాప్తు అధికారిది కూడా. ఆ సంతకం లేని కాగితాన్ని తయారుచేసిందీ ఆయనే.