సొంత తోట కాయని కావలివాళ్లు: సేవ గురించి అపోహలు - వాస్తవాలు

పోయిన వారం మళ్లీ అదే ఫోన్. ఈసారి ఓ తమ్ముడు. వాళ్ల సంఘంలో కీబోర్డు అతనే, సండేస్కూలు అతనే, శుక్రవారం ఉపవాస కూటంలో వాక్యమూ అతనే. "అన్నా, ప్రసంగం ఉంటే తప్ప బైబిల్ తెరవట్లేదు. తెరిచినా పాయింట్లే కనిపిస్తున్నాయి" అన్నాడు. కొత్త సేవకులకు తర్ఫీదు ఇచ్చే పనిలో ఉన్నాను కాబట్టి ఈ మాట నాకు కొత్త కాదు.

అపోహ: దేవుని పనిలో ఉన్నాను కాబట్టి దేవునితో బాగానే ఉన్నాను.

వాస్తవం: మనుషుల్ని లోపల్నుంచి తినేసేది ఇదే. యోనా ప్రవక్తను చూడండి. ఒక్క ముక్క ప్రకటించాడు, నీనెవె ఊరంతా పశ్చాత్తాపంతో గోనెపట్ట కట్టుకుంది. ప్రకటించినవాడు మాత్రం ఊరి బయట కూర్చుని చచ్చిపోతే బాగుండని అలిగాడు. మార్కు 3:14లో యేసు పన్నెండుమంది శిష్యుల్ని ఎందుకు ఏర్పరచుకున్నాడో ఆ వరస చదవండి. ముందు తనతో ఉండడానికి, తర్వాత ప్రకటించడానికి. మొదటిది దాటేసి రెండోదానికి పరిగెత్తడం మనకు అలవాటైపోయింది. ఇతరులకు ప్రకటించి తానే భ్రష్టుడైపోతానేమోనని పౌలంతటివాడు భయపడ్డాడు (1 కొరింథీ 9:27). మనకెందుకు ఆ భయం లేదో!

"ప్రసంగానికి సిద్ధపడటమే నా ధ్యానం" అంటారు కొందరు. పెళ్లి వంటవాళ్లను అడగండి. వందలమందికి వండి, ఉప్పూ కారం రుచి చూసి, తీరా తమ పూటకి అన్నం సహించక మజ్జిగ తాగి పడుకుంటారు.

నేనేదో తప్పించుకున్నానని కాదు. ఒక ఏడాది డిసెంబరంతా సెమీ క్రిస్మస్‌లే, పండగకు ముందే పెట్టుకునే కూటాలు. రోజూ లూకా రెండో అధ్యాయం, రోజూ కేకు. ఇరవయ్యారో తేదీ తెల్లారి మోకరించి "మహోన్నతుడవైన మా పరలోకపు తండ్రీ" అని మొదలుపెట్టాను, మైకు ముందు పెట్టే గొంతుతో. టీ తెచ్చిన మా ఆవిడ గుమ్మంలోనే ఆగి, "ఎవరికండీ ఆ గొంతు?" అంది. ఇంక నోట మాట రాలేదు. పరమగీతంలో ద్రాక్షతోటలకు కావలి ఉన్న అమ్మాయి "నా సొంత తోటను నేను కాయకపోతిని" అన్న మాట ఆ రోజు గుచ్చుకున్నట్టు ఇంకెప్పుడూ గుచ్చుకోలేదు.

అపోహ: సేవ తగ్గిస్తే శాపం. పిల్లలకు జబ్బులొస్తాయి.

వాస్తవం: ఇది ఎవరు పుట్టించారో గానీ, విని రాత్రిళ్లు నిద్రపోని తల్లులు నాకు తెలుసు. అమ్మా, ఏ వచనమో చూపించమనండి. తినడానికి కూడా తీరిక లేని శిష్యుల్ని పక్కకు వచ్చి కొంచెం అలసట తీర్చుకోమన్నది ప్రభువే (మార్కు 6:31).

అపోహ: సంఖ్య పెరిగితే దేవుడు మెచ్చినట్టే.

వాస్తవం: ఒంగోలు మిషన్‌లో 1878 జూలై 3న ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారని వేదికల మీద చెబుతారు. అంతకుముందు కరువు సాగినంత కాలం, పనికోసం, తిండికోసం చేరతారేమోనని అక్కడి మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడని మాత్రం చెప్పరు. కోరి వస్తున్నవాళ్లను ఆపడానికి ఎంత గుండె కావాలి!

అపోహ: నా విశ్వాసం సరిగ్గా లేదు కాబట్టి సేవ ముట్టకూడదు.

వాస్తవం: ఇది మంచివాళ్లనే పట్టుకుంటుంది. యేసును ఎరుగనని మూడుసార్లు బొంకిన పేతురుకు సముద్రం ఒడ్డున నిప్పుల మీద చేప కాల్చి, ముందు భోంచేయమన్నాడు ప్రభువు. తర్వాత "నన్ను ప్రేమించుచున్నావా?" అని అడిగాడు. ఆ పూటే గొర్రెల్ని అప్పగించాడు. వరస ముఖ్యమన్నానుగానీ, సంపూర్ణుడివయ్యేదాకా ఇంట్లో కూర్చోమనలేదు.

ఆ తమ్ముడికి రెండు నెలలు సండేస్కూలు ఇంకొకరికి అప్పగించమన్నాను. "అయ్యగారు ఏమంటారో" అని నసిగాడు. నేనే వాళ్ల పాస్టరు అయ్యగారితో మాట్లాడాను. రోజూ పొద్దున ఒక్క అధ్యాయం, పెన్ను లేకుండా చదవమని చెప్పాను. మొన్న మెసేజ్ పెట్టాడు: "అన్నా, యోనా నాలుగో అధ్యాయం చదివాను. ప్రసంగానికి భలే పాయింట్లు తగిలాయి. పెన్ను వెతికాను కూడా. అమ్మ దాచేసింది."