ఓటు సర్వేల్లో దొరకని క్రైస్తవులు

ఆంధ్రప్రదేశ్‌లో ఏ మతంవాళ్లు ఎవరికి ఓటేశారో చెప్పే సర్వే పట్టికల్లో క్రైస్తవుల వరుస తరచూ కనబడదు, 'ఇతరులు'లో కలిసిపోతుంది. ఉన్నా ఆ అంకెను నమ్మలేం. సర్వే చేసినవాళ్లను తప్పుపట్టడం తేలికే కానీ, చిక్కు మొదలైంది 1950లో.

ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన షెడ్యూల్డ్ కులాల రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే కట్టేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు వెనుకబడిన తరగతుల్లో (బీసీల్లో) ఒక గ్రూపైన బీసీ-సీ కిందికి వస్తారు, వాళ్లకు రిజర్వేషన్ 1 శాతం. ఎస్సీలకు 15 శాతం, పైగా రిజర్వుడు సీట్లు, అట్రాసిటీ చట్టం రక్షణ. ఫారంలో 'క్రైస్తవ' అని రాయిస్తే పోయేది ఇంత.

జనగణనలో ఇది కళ్లకు కడుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1971లో 4.19 శాతం, 1981లో 2.68, 1991లో 1.83, 2001లో 1.55, 2011లో 1.34. శాతమే కాదు, తలల లెక్క కూడా పడిపోయింది: 1971లో 18 లక్షల పైచిలుకు, 2001లో 12 లక్షల లోపు. ఊళ్లలో ప్రార్థనా మందిరాలు మాత్రం ఆ వేగంతో మూతపడలేదు.

ఒంగోలు ప్రాంతాన్నే చూడండి. 1876-78 కరువు తర్వాత, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బాప్టిస్టు మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. ఎక్కువమంది మాదిగలు. ఆ వంశాలవాళ్ల ఇంటికి ఇవాళ సర్వే మనిషి వెళ్లి 'మీ మతం ఏంటండీ?' అంటే, గోడ మీద యేసు పటం ఉన్నా 'హిందూ మాదిగ' అనే జవాబు రావచ్చు. అది అబద్ధమేమీ కాదు, సర్టిఫికెట్లో ఉన్న మాటే.

మన దేశంలో ఓటరు ప్రవర్తనపై పెద్ద సర్వేలను నిలబెట్టింది ఢిల్లీలో 1963లో పుట్టిన పరిశోధన సంస్థ సీఎస్‌డీఎస్ (సెంటర్ ఫర్ ది స్టడీ ఆఫ్ డెవలపింగ్ సొసైటీస్). 1967లో జాతీయ ఎన్నికల అధ్యయనం మొదలైంది, 1997 నుంచి ఆ సంస్థలోని లోక్‌నీతి విభాగం ఆ పని చూస్తోంది. నియోజకవర్గాలు, వాటిలో పోలింగ్ బూత్‌లు, బూత్ ఓటరు లిస్టులో నుంచి ఇన్ని పేర్లకొకటి చొప్పున మనుషులు, ఇలా ఎంచుకుంటారు. లిస్టులో వచ్చిన పేరు దొరకలేదని పక్కింటివాళ్లను అడిగితే లెక్క చెడుతుంది, ఎందుకంటే ఎప్పుడూ ఇంట్లో దొరికేవాళ్లే నిండిపోతారు. ఓటెవరికో నోటితో చెప్పించరు. నమూనా బ్యాలెట్ ఇచ్చి, గుర్తు పెట్టించి, పెట్టెలో వేయిస్తారు. మతం మాత్రం చివర్లో వ్యక్తిగత వివరాల్లో, అందరూ వింటుండగా నోటితోనే అడుగుతారు. ఈ ఊళ్లలో రహస్యం కావాల్సింది ఓటు కన్నా దీనికే!

ఇక శాంపిల్ సంగతి. 2011 లెక్క ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో 1,200 మందిని అడిగితే ముస్లింలు (9.56 శాతం) 115 మంది వస్తారు. వాళ్లలో ఇంత శాతం ఫలానా పార్టీకి వేశారని చెప్పే అంకెకు అటూఇటూ 9 పాయింట్ల పొరపాటు ఉంటుంది. పాతబస్తీలో ఒక బూత్ ఎక్కువ పడినా, తక్కువ పడినా అది ఇంకా పెరుగుతుంది. క్రైస్తవులు 16 మంది. ఒక్క మనిషి మాట మార్చినా ఆరు పాయింట్లు కదులుతాయి.

అమెరికా సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2019 నవంబరు నుంచి 2020 మార్చి దాకా మన దేశంలో 17 భాషల్లో 29,999 మందిని ఇళ్లకు వెళ్లి అడిగింది. క్రైస్తవులు 1,011 మంది దొరికారు. వాళ్లలో 33 శాతం తాము ఎస్సీలమని చెప్పారు, చట్టం అలా అనకపోయినా. కులాన్నీ మతాన్నీ విడిగా, 'మిమ్మల్ని మీరేమనుకుంటారు' అన్నట్టు అడిగితే జవాబు మారుతుందనడానికి ఇదొక గుర్తు.

ఆచారం అడగడం ఇంకో దారి: ఆదివారం ఎక్కడికెళ్తారు, ఇంట్లో మొన్నటి పెళ్లి ఎవరు జరిపించారు, కొత్త బట్టలు క్రిస్మస్‌కా, సంక్రాంతికా. సర్టిఫికెట్ ఊసెత్తకూడదు. ఎత్తితే అధికారి వచ్చాడనుకుని తలుపేసుకుంటారు. ఆచారం ప్రశ్నల్లోనూ గుంటలున్నాయి. జబ్బు తగ్గాలని ప్రార్థనకు వెళ్లేవాళ్లందరూ క్రైస్తవులు కారు. వెళ్లానని చెప్పేవాళ్లందరూ వెళ్లరు కూడా. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఒక కౌంటీలో పరిశోధకులు తలలు లెక్కపెట్టి 1993లో తేల్చిందేమిటంటే, గత వారం చర్చికి వెళ్లామన్న ప్రొటెస్టెంట్లు సుమారు 36 శాతం, నిజంగా కనబడింది 20 శాతం. అక్కడ మొహమాటం అంకెను పెంచింది, ఇక్కడ భయం తగ్గిస్తోంది.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఆఫీసులో జరుగుతుంది. జాగ్రత్తగా అడిగి 1,200 మందిలో 60 మంది క్రైస్తవులను పట్టుకున్నారనుకుందాం, అంటే 5 శాతం. తర్వాత శాంపిల్‌ను జనగణనకు సరిపెడుతూ మతానికి వెయిట్లు వేస్తారు. 5 శాతాన్ని 1.34కు దించాలంటే ఒక్కో క్రైస్తవుడి జవాబుకు దక్కే విలువ 0.27. ఇంటింటికీ తిరిగి బయటికి తీసిన మనుషులను కంప్యూటరు మళ్లీ 2011 లెక్కలోకే నెట్టేస్తుంది. వయసు, ఆడ-మగ, పల్లె-పట్నం, ఎస్సీ వాటాలకు వెయిట్లు వేసి, ఈ రాష్ట్రం వరకు మతాన్ని వదిలేయడం మేలు.